కింద 40, పైన 210

యూరప్ స్కీ రిసార్టుల్లో మంచు గురించి బోర్డు ఒక మాట చెబుతుంది, స్కీయర్లు ఇంకో మాట చెబుతారు. ఎవరిని ఎంతవరకు నమ్మాలి?

ఆల్ప్స్ కొండల్లో ఏ స్కీ రిసార్ట్‌కి వెళ్లినా లిఫ్ట్ ఎక్కేచోట ఒక బోర్డు కనిపిస్తుంది. ఊళ్లో మంచు మందం ఇంత, కొండ మీద ఇంత, ఆఖరుసారి మంచు పడిన తేదీ ఫలానా, తెరిచిన దారులు ఇన్ని అని అందులో ఉంటుంది. కింద 40 సెంటీమీటర్లు, పైన 210 అని ఉంటే కొత్తగా వచ్చినవాడు రెండో అంకె చూసి సంబరపడతాడు. పాతకాపు మాత్రం ముందు మొదటి అంకె చూస్తాడు, ఆ తర్వాత తేదీ చూస్తాడు. మంచు పడి మూడు వారాలు దాటితే పైన 210 ఉన్నా అది అణిగి గట్టిపడి ఉంటుంది. సాయంత్రం జారుకుంటూ ఊళ్లోకి దిగాలంటే కింద ఉన్న ఆ నలభయ్యే దిక్కు. అది ఇరవైకి పడిపోతే గడ్డీ రాళ్లూ బయటపడతాయి. ఇక స్కీలు భుజాన వేసుకుని కేబుల్ కార్‌లో దిగాల్సిందే.

బోర్డు అబద్ధమాడుతుందని కాదు. కొలకర్ర ఎక్కడ పాతారన్నది అసలు సంగతి. గాలికి మంచు ఎగిరిపోయే గట్టు మీద పాతితే ఒక లెక్క, ఆ గాలే తెచ్చి పోసే నీడపట్టు పల్లంలో పాతితే ఇంకో లెక్క. ఆ రెండు చోట్లకూ మధ్య వంద అడుగులు కూడా ఉండకపోవచ్చు. పైగా మంచు కొలిచేదీ, టికెట్లు అమ్మేదీ ఒకే కంపెనీ. అమెరికాలో డార్ట్‌మత్ కాలేజీ ఆర్థికవేత్తలు జొనాథన్ జిన్‌మన్, ఎరిక్ జిట్జెవిట్జ్ ఈ అనుమానంతోనే రిసార్టులు ప్రకటించే మంచు లెక్కలు ముందేసుకుని కూర్చున్నారు. మామూలు రోజుల కంటే శని, ఆదివారాల్లో 23 శాతం ఎక్కువ కొత్త మంచు పడినట్టు రిసార్టులు చెప్పుకుంటున్నాయని తేలింది. మబ్బులకు వారాంతపు సెలవులు తెలియవు కదా! కొన్నాళ్లకు ఒక ఐఫోన్ యాప్‌లో స్కీయర్లే ఉన్నచోటి నుంచి మంచు ఎలా ఉందో రాసే వీలు వచ్చింది. దాంతో గొప్పలు బాగా తగ్గాయి. ఫోన్ సిగ్నల్ చక్కగా అందే కొండల్లో ఇంకా ఎక్కువ తగ్గాయి.

అది అమెరికా ముచ్చట. యూరప్‌లో జర్మనీకి చెందిన స్కీ సలహాదారు క్రిస్టోఫ్ ష్రాహె 2013లో దారుల పొడవు కొలిచి దుమారం లేపారు. స్విట్జర్లాండ్‌లో వెర్బియే ఉన్న ఫోర్ వాలీస్ ప్రాంతం తమ దారులు 412 కిలోమీటర్లని ప్రచారం చేసుకునేది. ఆయన కొలిస్తే వచ్చింది 164. వంపులు తిరుగుతూ దిగితే దూరం పెరుగుతుంది, మేం దాన్ని కలుపుకున్నాం అన్నది కొన్ని రిసార్టుల వాదన. ఎంతగా వంపులు తిరిగినా రెండున్నర రెట్లు అవుతుందా అన్నది స్కీయర్ల ప్రశ్న.

అందుకే ఈ లోకంలో తోటి స్కీయరు మాటకు అంత విలువ. జనవరిలో సెలవు పెట్టుకునేవాడు బోర్డు కంటే ముందు, నిన్న అక్కడ దిగివచ్చినవాడు ఏమన్నాడో వెతుక్కుంటాడు. అయితే ఆ మాటకూ లోపాలున్నాయి. వాటి సంగతికి వచ్చే ముందు, ఈ మాటల వ్యాపారం ఎక్కడ మొదలైందో చూడాలి.

మద్రాసులో పుట్టినాయన

చలికాలపు పర్యాటకం పుట్టిందే ఒక పందెంతో అని స్విస్ వాళ్లు కథగా చెప్పుకుంటారు. 1864లో సెయింట్ మారిట్జ్‌లో యోహన్నెస్ బాద్రుట్ అనే హోటల్ యజమాని, వేసవి ముగించుకుని వెళ్లిపోతున్న ఇంగ్లిష్ అతిథులతో ఒక మాట అన్నాడట. చలికాలంలో రండి, ఇక్కడ ఎండ ఎలా కాస్తుందో చూడండి, నా మాట తప్పయితే మీ దారిఖర్చులు నావి. వాళ్లు వచ్చారు, వసంతం దాకా ఉండిపోయారు. కథలో ఎంత నిజమున్నా, ఆల్ప్స్‌లో హోటళ్లు నూటయాభై ఏళ్లుగా అమ్ముతున్నది ఆ మాటే: మీరు రండి, వాతావరణానికి పూచీ మాది.

1894 మార్చిలో షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త ఆర్థర్ కొనన్ డాయిల్ దావోస్ నుంచి అరోజాకు కొండదాటి స్కీల మీద వెళ్లాడు. భార్య క్షయ జబ్బుకు అక్కడి గాలి మంచిదని వచ్చిన మనిషి. ఆ ప్రయాణం గురించి స్ట్రాండ్ పత్రికలో సరదాగా రాస్తూ, ఇంగ్లండ్ నుంచి జనం ఈ ఆట కోసమే స్విట్జర్లాండ్‌కు వచ్చే రోజు వస్తుందని జోస్యం చెప్పాడు. అది పొల్లు పోలేదు. జారుడులో తన ట్వీడ్ ప్యాంటు అరిగిపోయిన తీరు కూడా ఆ వ్యాసంలో ఉంది. ఒకరకంగా ఇంగ్లిష్‌లో తొలినాటి స్కీయర్ల సమీక్షల్లో అదొకటి.

ఆ తర్వాత వచ్చిన ఆర్నల్డ్ లన్‌కు మనతో చిన్న చుట్టరికం ఉంది. 1888లో ఆయన పుట్టింది మద్రాసులో. తండ్రి హెన్రీ లన్ మెథడిస్ట్ మిషనరీగా వచ్చి, ఎక్కువ కాలం ఉండకుండానే తిరిగివెళ్లి, ఇంగ్లిష్ వాళ్లను ఆల్ప్స్‌కు తీసుకెళ్లే ట్రావెల్ వ్యాపారం పెట్టాడు. కొడుకు 1922లో స్విట్జర్లాండ్‌లోని మ్యూరెన్‌లో తొలి ఆధునిక స్లాలమ్ పందెం నడిపాడు. జెండాల మధ్య మెలికలు తిరుగుతూ దిగే, ఇవాళ ఒలింపిక్స్‌లో చూసే పందెం అదే. అంతకుముందు 1911లోనే ఆయన మొదలుపెట్టించిన డౌన్‌హిల్ పందేనికి బహుమతి కప్పు పేరు కాందహార్. ఆ కప్పుకు తన పేరిచ్చిన లార్డ్ రాబర్ట్స్ ఆఫ్ కాందహార్ కాన్పూర్‌లో పుట్టిన బ్రిటిష్ సేనాని. ఇవాళ్టికీ ఆల్ప్స్‌లో పలుచోట్ల కాందహార్ అనే పేరుతో స్కీ దారులున్నాయి. అఫ్గాన్ ఊరి పేరు జర్మనీ కొండ మీదికి ఎలా ఎక్కిందని అక్కడ జారేవాళ్లలో అడిగేవాళ్లు తక్కువ.

ఒకే రోజు, ఒకే కొండ

ఇప్పుడు స్కీయర్ల మాటల్లోని తిరకాసు. ఒకే రిసార్ట్ గురించి, ఒకే రోజున, ఒకరు స్వర్గం అంటారు, ఇంకొకరు డబ్బు దండగ అంటారు. చాలాసార్లు ఇద్దరిదీ నిజమే.

రాత్రి లిఫ్టులు ఆగాక కొండ మీదికి పెద్ద యంత్రాలు ఎక్కుతాయి. ట్యాంకుకు ఉన్నట్టు గొలుసు పట్టాలు, ముందు వెడల్పాటి బ్లేడు, వెనక తిరిగే పళ్ల దుంగ. పగలంతా స్కీలు కోసి గుట్టలు చేసిన మంచును ముందు బ్లేడు చదును చేస్తుంది, వెనక పళ్లు పొడి చేస్తాయి, ఆఖరున రబ్బరు పట్టీ ఒత్తి వదులుతుంది. మరీ వాలుగా ఉన్నచోట యంత్రం జారిపోకుండా పైన ఇనుప కొయ్యకు తాడు కట్టి, దాని మీద వేలాడుతూ పని చేస్తారు. తెల్లారేసరికి దారి పొడవునా దువ్విన తలలా సన్నటి గీతలు పడి ఉంటాయి. పొద్దున తొమ్మిదింటికి మొదటి లిఫ్ట్‌లో వెళ్లినవాడికి ఆ గీతల మీద స్కీ అంచు పట్టు చిక్కి, కోసుకుంటూ వెళ్లే సుఖం దక్కుతుంది. పదకొండింటికి గీతలు చెరిగిపోతాయి. మధ్యాహ్నం మూడింటికి దక్షిణపు వాలు మీద మంచు అంబలవుతుంది, గుట్టలు గుట్టలుగా పేరుకుంటుంది, మోకాళ్లు పట్టేస్తాయి. హోటల్లో టిఫిన్ తీరిగ్గా ముగించి పన్నెండింటికి బయల్దేరినవాడి అభిప్రాయం ఈ రెండో కొండ గురించి.

మార్చి, ఏప్రిల్ నెలల్లో ఈ లెక్క ఇంకా గట్టిది. రాత్రి గడ్డకట్టిన పైపొర పొద్దున రాయిలా ఉంటుంది. ఎండ తగిలిన కాసేపటికి రెండు, మూడు సెంటీమీటర్ల మేర కరిగి చక్కెర పలుకుల్లా విడుతుంది. ఆ గంటా గంటన్నరా జారడంలో ఉన్న హాయి కొత్త మంచులోనూ లేదనే స్కీయర్లున్నారు. కొండ తెలిసినవాడు ముందు తూర్పు వాలు, తర్వాత దక్షిణం, ఆపైన పడమర అని సూర్యుడి వెంట తిరుగుతాడు. ఉత్తరపు వాలు మీద మాత్రం ఎండ పెద్దగా పడదు కాబట్టి వారం కిందటి మంచు కూడా పొడిపొడిగా మిగిలి ఉంటుంది. ‘మంచు బాగుంది’ అన్న మనిషి ఏ దిక్కు వాలు మీద ఉన్నాడో చెప్పకపోతే, ఆ మాటకు విలువ సగమే.

అన్నింటికన్నా ముఖ్యంగా చెప్పినవాడెవరో చూడాలి. నిరుడే నేర్చుకున్నవాడికి యంత్రం గట్టిగా ఒత్తిన ప్రతి దారీ ‘ఐస్’. పందేలవాళ్లకు అదే కావాలి. ఆస్ట్రియాలో కిట్స్‌బ్యూల్ ఊరి హానెన్‌కామ్ పందేనికి ప్రపంచమంతా పేరు. అది జరిగే 3.3 కిలోమీటర్ల స్ట్రైఫ్ దారిని నిర్వాహకులు కావాలని నీళ్లు పట్టించి గడ్డకట్టిస్తారు. మెత్తటి మంచు మీద వరసగా యాభై మంది దిగితే గుంటలు పడి, వెనక నంబరువాడికి అన్యాయం జరుగుతుంది. అందుకని అందరికీ ఒకేలా ఉండేట్టు అద్దంలాంటి గడ్డ. పర్యాటకుడు తిట్టుకునే సరుకును పోటీదారుడు అడిగి చేయించుకుంటాడు.

దారుల రంగుల్లోనూ మోసపోవద్దు. ఫ్రాన్స్‌లో ఆకుపచ్చ, నీలం, ఎరుపు, నలుపు అని నాలుగు మెట్లు. ఆస్ట్రియా, ఇటలీల్లో మామూలుగా నీలంతోనే మొదలవుతుంది. అక్కడ నీలం అంటే తేలికని వెళ్లి, నిటారు మలుపు దగ్గర కూలబడి తిట్టుకునేవాళ్లు ప్రతి సీజన్‌లోనూ ఉంటారు.

అందమా, మంచా?

యాభై ఏళ్లలో స్కీయర్ల అభిప్రాయం అటుదిటు అయిన చోటు ఒకటుంది. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా రుచికరంగా తోచింది అదే.

ఆల్ప్స్‌లో పాత ఊళ్లు లోయల్లో ఉంటాయి. కిట్స్‌బ్యూల్ సుమారు 760 మీటర్లు, మోర్జిన్ వెయ్యి, మెజెవ్ 1,100. చర్చి శిఖరం, చెక్క ఇళ్లు, గుర్రపు బండి, సందుల్లో బేకరీ వాసన. పోస్టుకార్డు మీద వేసే ఆల్ప్స్ అంటే ఇవే. స్కీ సంస్కృతి వీటిలోనే పెరిగింది. తర్వాత 1960లలో ఫ్రాన్స్ ప్రభుత్వం ‘మంచు ప్రణాళిక’ అని ఒకటి పెట్టుకుని, ఊళ్లే లేని ఎత్తుల్లో, చెట్టు మొలవని చోట కొత్త రిసార్టులు కట్టించింది. లోయలో పాత టీన్ గ్రామాన్ని 1952లోనే ఆనకట్ట నీళ్లు ముంచేశాయి. ఆ ఊరి పేరే పెట్టుకున్న కొత్త టీన్ 2,100 మీటర్ల ఎత్తున బహుళ అంతస్తుల కాంక్రీటుగా లేచింది. లే మెన్యూయిర్ వచ్చింది. ఫ్లేన్‌ను మార్సెల్ బ్రాయర్ అనే పేరుమోసిన వాస్తుశిల్పి పచ్చి కాంక్రీటు పలకలతో కట్టాడు. 2,300 మీటర్ల ఎత్తున వాల్ థోరెన్స్ వెలిసింది.

వీటిని స్కీయర్లు తిట్టని తిట్టు లేదు. కొండకు పుట్టిన కురుపులన్నారు, సబర్బన్ ఫ్లాట్లన్నారు. పిల్లలను చేతపట్టుకుని సాయంత్రం తిరగడానికి ఒక వీధి లేదన్నారు. చాలావరకు అది నిజం కూడా. ఆ ప్రణాళికకు 1977లో అధ్యక్షుడు జిస్కార్ దెస్తాన్ ప్రసంగంతో దాదాపు తెరపడింది.

ఇప్పుడు చూడండి. డిసెంబరులో సెలవు ఖాయం చేసుకునేవాడు ముందు అడిగేది ఎత్తు. వంద మీటర్లు పైకి పోతే సుమారు 0.6 డిగ్రీల చలి పెరుగుతుంది. తిప్పి చెప్పుకుంటే, గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే వాన మంచుగా మారే గీత దాదాపు 150 మీటర్లు పైకి జరుగుతుంది. పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి ఆల్ప్స్ సుమారు రెండు డిగ్రీలు వేడెక్కాయి. అంటే తాతల కాలంలో మంచు పడ్డ ఊళ్లో మనవడి కాలానికి వాన పడుతోంది. వాల్ థోరెన్స్ నవంబరు చివర తెరిచి మే మొదటిదాకా నడుపుతుంటే, అందమైన లోయ ఊళ్లు క్రిస్మస్‌కు మంచు పడుతుందా లేదా అని ఆకాశం వైపు చూస్తున్నాయి. కాంక్రీటును వెక్కిరించినవాళ్లే ఇప్పుడు ఆ కాంక్రీటులో గది కోసం వరస కడుతున్నారు. గది కిటికీలోంచి చూస్తే కొండే కనిపిస్తుంది, భవనం కనిపించదు కదా అని సమాధానం చెప్పుకుంటున్నారు.

అయితే ఎత్తొక్కటే చాలదని కూడా స్కీయర్లే చెబుతారు. చెట్లు లేని కొండ మీద మంచు కురిసే రోజున నేలా ఆకాశం కలిసిపోయి కాళ్ల కింద ఏముందో తెలియదు. నిలబడ్డానా, జారుతున్నానా అన్నదీ తెలియక కళ్లు తిరుగుతాయి. గాలి పెరిగితే పై లిఫ్టులు ఆపేస్తారు. అలాంటి రోజున దేవదారు చెట్ల మధ్య దారులున్న కింది ఊళ్లే మేలు. చెట్టు కాండం నల్లగా కనిపిస్తే చాలు, వాలు ఎటుందో కంటికి అందుతుంది. వాల్ థోరెన్స్ మీద నిప్పులు చెరిగేవాళ్లను కదిపి చూస్తే, చాలామంది తుఫాను వారంలో వెళ్లినవాళ్లే.

మబ్బు ఎటు నుంచి వస్తుందన్నది ఇంకో ముడి. ఆస్ట్రియాలో ఆర్ల్‌బెర్గ్ కొండలు పడమర, వాయవ్యం నుంచి వచ్చే తడిగాలికి మొదట అడ్డుపడతాయి. అక్కడి వార్ట్ గ్రామం సగటున ఏడాదికి సుమారు 11 మీటర్ల మంచు పడుతుందని చెప్పుకుంటుంది. ఆ ఊరు దాదాపు 1,500 మీటర్ల ఎత్తే! అదే ఇటలీ డోలమైట్ కొండలు గాలివాటుకు అవతల, వానచాటున ఉన్నాయి. ఎండ ఎక్కువ, మంచు తక్కువ. ఎప్పుడైనా జెనోవా తీరాన అల్పపీడనం పడితే కథ తిరగబడి, ఇటలీ సరిహద్దు కొండలకు రెండు రోజుల్లో మీటరున్నర పడుతుంది, పడమటి వైపు వాళ్లు ఎండలో నిలబడి చూస్తుంటారు. ఏదైనా ఊరికి ‘మంచు తప్పదు’ అని ముద్ర వేసేవాళ్లను నేను నమ్మను. ఏ గాలికి తప్పదో చెప్పాలి.

నీళ్లు, కరెంటు, చలి

డోలమైట్ వాళ్లు లోటును యంత్రాలతో పూడ్చుకున్నారు. నాలుగు కనుమలు చుట్టి తిరిగే సెల్లా రోండా దారి ఈనాడు స్కీయర్లు మెచ్చుకునే వాటిలో ముందుంటుంది. కొండల అందానికీ, దారిలోని గుడిసెల్లో దొరికే పాస్తాకూ ఎంత పేరుందో, చదునైన నమ్మకమైన మంచుకూ అంత పేరుంది. ఆ మంచులో చాలాభాగం కుళాయి నీళ్లదే. ఇటలీలో పది దారుల్లో తొమ్మిదింటికి కృత్రిమ మంచు ఏర్పాటుంది. ఆస్ట్రియాలో ఏడు, స్విట్జర్లాండ్‌లో సగం, ఫ్రాన్స్‌లో నాలుగుకు దగ్గర.

స్నో గన్ దగ్గర నిలబడితే మాట వినపడదు. పెద్ద ఫ్యాను, దాని చుట్టూ వలయంగా సన్నటి నాజిల్స్. ఒత్తిడితో వచ్చే నీటిని అవి తుంపరగా చిమ్ముతాయి. ఫ్యాను ఆ తుంపరను ఇరవై, ముప్పై అడుగుల పైకి విసురుతుంది. కిందికి దిగేలోపు చుక్క గడ్డకట్టాలి. చలి ఒక్కటే ఉంటే చాలదు, గాలి పొడిగా కూడా ఉండాలి. తేమను కలుపుకుని చూసే ‘తడిబల్బు’ ఉష్ణోగ్రత సున్నాకు రెండు డిగ్రీలు కిందికి దిగితే తప్ప మామూలు గన్ పనిచేయదు. అలా పడేది పువ్వులాంటి రేకుల మంచు కాదు, గుండ్రటి చిన్న గింజలు. గట్టిగా పేరుకుంటుంది, నెమ్మదిగా కరుగుతుంది. దారి కింద పునాదికి అది మేలు. పడితే ఒళ్లు మాత్రం బాగా నొస్తుంది. ఒక హెక్టారు మీద ముప్పై సెంటీమీటర్ల మందాన పరవాలంటే కనీసం పది లక్షల లీటర్ల నీళ్లు కావాలి.

ఆ నీళ్ల దగ్గరే గొడవలు. ఫ్రాన్స్‌లో లా క్లూజా ఊరు పైనున్న పీఠభూమి మీద 1,48,000 ఘనపు మీటర్ల చెరువు తవ్వుతామంది. అందులో కొంత తాగడానికి, కొంత మంచుకు. ఉద్యమకారులు అడవిలో గుడారాలు వేశారు. 2022లో కోర్టు పని ఆపించింది. అంతకు రెండేళ్ల ముందు, 2020 ఫిబ్రవరిలో, పిరెనీస్ కొండల్లోని లూషోన్-సూపర్‌బాన్యేర్ వాళ్లు పిల్లలు నేర్చుకునే వాలు మీద మంచు లేదని పై నుంచి 50 టన్నులు హెలికాప్టర్‌తో తెచ్చి పోశారు. స్కీ నేర్పేవాళ్ల ఉపాధి కాపాడామని వాళ్ల వాదన. పర్యావరణ మంత్రితో సహా దేశమంతా దుమ్మెత్తిపోసింది. స్కీయర్లలో కూడా రెండు వర్గాలు. ముందే డబ్బు కట్టి పిల్లలతో వచ్చినవాడు ఏ వర్గమో ఊహించడం కష్టం కాదు.

2023 జనవరి మొదటి వారం ఈ వాదనకు బొమ్మ గీసి చూపించింది. స్విట్జర్లాండ్ ఉత్తరాన డెలెమాన్‌లో కొత్త సంవత్సరం రోజు 20 డిగ్రీలు దాటింది. ఫ్రాన్స్‌లో దాదాపు సగం దారులు మూతపడ్డాయి. స్విట్జర్లాండ్‌లోని అడెల్‌బోడెన్‌లో ప్రపంచ కప్ పందెం పచ్చిక మీద పరిచిన తెల్ల చాపలాంటి కృత్రిమ మంచు మీద జరిగింది. రెండు వైపులా గడ్డి, మధ్యలో ప్రపంచ విజేతలు. అంతకుముందు శరత్కాలంలో స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్, ఇటలీలోని చెర్వీనియాల మధ్య దేశాల సరిహద్దు దాటే కొత్త పందెం పెడితే, హిమానీనదం మీద మంచు చాలక రద్దయింది. 2023లో మళ్లీ పెడితే మంచూ గాలీ ఎక్కువై రద్దయింది. పైగా ఆ దారి కోసం హిమానీనదాన్ని ఎక్స్‌కవేటర్లతో తవ్వుతున్న ఫొటోలు బయటికొచ్చి రచ్చయింది. 2024లో ఆ పందేన్ని క్యాలెండర్‌లోంచే తీసేశారు.

జునిపర్ పొద చెప్పిన లెక్క

దావోస్ పైన వైస్‌ఫ్లూయోఖ్ అనే చోట, 2,536 మీటర్ల ఎత్తున, 1936 నుంచి చలికాలం ప్రతి పొద్దునా మంచు కొలుస్తున్నారు. స్కీ టికెట్లతో సంబంధం లేని కొలత అది. అంతకన్నా పాత సాక్షిని ఇటలీలోని పాడువా విశ్వవిద్యాలయం వాళ్లు వెతికి పట్టుకున్నారు. ఎత్తైన కొండల మీద నేలబారుగా పాకే జునిపర్ పొద మంచు కింద ఉన్నంతకాలం పెరగదు. మంచు తొందరగా పోయిన ఏడాది కాండంలో వలయం వెడల్పుగా పడుతుంది. ఆ వలయాలు లెక్కబెట్టి ఆరు వందల ఏళ్ల వెనక్కి వెళ్లారు. దీర్ఘకాలపు సగటుతో పోలిస్తే ఈమధ్య మంచు నేల మీద నిలిచే కాలం 36 రోజులు తగ్గిందని, ఆ ఆరు వందల ఏళ్లలో ఇలాంటి తగ్గుదల లేదని 2023లో ప్రకటించారు.

అదే ఏడాది హ్యూగ్ ఫ్రాన్స్వా, సామ్యూల్ మొరాన్ తదితర పరిశోధకులు 28 యూరప్ దేశాల్లోని 2,234 రిసార్టులను లెక్కగట్టారు. భూమి రెండు డిగ్రీలు వేడెక్కితే, కృత్రిమ మంచు లేకుండా చూస్తే, 53 శాతం రిసార్టులకు మంచు కరువు ముప్పు చాలా ఎక్కువ. నాలుగు డిగ్రీలైతే 98 శాతానికి. సగం దారుల మీద స్నో గన్లు పెట్టుకుంటే రెండు డిగ్రీల దగ్గర 27 శాతానికి తగ్గుతుంది, నాలుగు దగ్గర 71 దాకా పోతుంది. గన్లు గడువు కొంటాయి, అంతవరకే. స్విస్ హిమానీనదాలు 2022, 2023 రెండేళ్లలోనే పదోవంతు పరిమాణం పోగొట్టుకున్నాయి.

ఫ్రాన్స్‌లో సెయూజ్ అనే చిన్న రిసార్ట్ 2018లో ఆఖరుసారి నడిచింది. 2023 నవంబరులో లిఫ్టు స్తంభాలు పీకడం మొదలుపెట్టారు. సేన్-లెజాల్ప్ ఊరివాళ్లు తమ గ్రాన్ ప్వీ కొండను నడపాలా, మూసేయాలా అని 2024 అక్టోబరులో ఓటు వేసుకున్నారు. 71 శాతం మూసేయమన్నారు. ప్రతి ఏటా నష్టం పంచాయతీ మీద పడుతోందని వాళ్ల బాధ. ఇలాంటి చిన్న కొండల మీద పెద్ద స్కీయర్ల అభిప్రాయాలు ఎక్కడా దొరకవు. చుట్టుపక్కల బడిపిల్లలు తొలిసారి పడి లేచింది వాటి మీదే అయినా, దూరం నుంచి విమానంలో వచ్చేవాళ్లు వాటి పేరైనా విని ఉండరు. పెద్ద, ఎత్తైన, ఖరీదైన రిసార్టులు మిగిలి, బడిపిల్లల కొండలు పోతున్నాయి.

ముందు వెళ్లినవాడి అడుగుజాడ

ఒక్క విషయంలో మాత్రం తోటి స్కీయర్ల మాట వినకూడదు. యంత్రం చదును చేసిన దారి దాటి, తాకని మంచులోకి దిగే చోట. అక్కడ జాడలు కనిపిస్తే ‘వాళ్లు వెళ్లారుగా, మనమూ వెళ్లొచ్చు’ అనిపిస్తుంది. ముందు ఐదుగురి బరువుకు నిలిచిన పొర ఆరోవాడికి విరగొచ్చు. యూరప్‌లో 1993 నుంచి మంచు చరియల ప్రమాదానికి ఒకే ఐదు మెట్ల కొలమానం ఉంది. నాలుగూ ఐదూ వేసిన రోజు జనం భయపడి ఇంట్లో ఉంటారు. ఎక్కువమంది చనిపోయేది మూడో మెట్టు నాడు. ఆ రోజు ఎండ కాస్తుంటుంది, పొడిలాంటి కొత్త మంచు మెరుస్తుంటుంది. చరియ కింద పడినవాళ్ల విషయంలో చాలా సందర్భాల్లో ఆ చరియను కదిలించింది వాళ్లో, వాళ్ల జట్టువాళ్లో. మంచు కింద కూరుకున్న మనిషిని పావుగంటలో తీస్తే బతికే అవకాశం బాగుంటుంది. ఆ తర్వాత వేగంగా పడిపోతుంది. అందుకే అక్కడికి దిగేవాళ్లు సిగ్నల్ ఇచ్చే పరికరం, పార, గుచ్చి చూసే పొడవాటి కడ్డీ దగ్గర పెట్టుకుంటారు.

1999 ఫిబ్రవరిలో ఆస్ట్రియాలో గాల్ట్యూర్ ఊరున్న లోయ మీద చరియలు పడి 38 మంది పోయారు. వాళ్లు సాహసం చేయబోయినవాళ్లు కాదు, ఊళ్లో ఇళ్లలో, వీధుల్లో ఉన్నవాళ్లు. మంచు ఎక్కువ పడిందన్న వార్త సెలవుల కబురుగానే వినేవాళ్లు ఆ ఏడాదిని గుర్తుపెట్టుకోవాలి.

మనవాళ్లు వెళ్తే

తెలుగువాళ్లకు ఆల్ప్స్ మంచుతో పరిచయం ముందు సినిమా పాటల ద్వారా. తర్వాత ప్యాకేజీ టూర్లు. ఎంగెల్‌బర్గ్ దగ్గర గుండ్రంగా తిరిగే కేబుల్ కార్‌లో టిట్లిస్ మీదికి వెళ్లి, షారుక్-కాజోల్ కటౌట్ పక్కన ఫొటో దిగి, మంచు ఉండలు విసురుకుని దిగివస్తారు. అక్కడి హిమానీనదంలో కొంతభాగాన్ని వేసవిలో కరగకుండా తెల్ల గుడ్డలు కప్పి ఉంచుతారని ఆ తొందరలో గమనించేవాళ్లు తక్కువ. మ్యూనిక్, జ్యూరిక్, లండన్‌లలో ఉద్యోగాలు చేస్తున్న మన కుర్రాళ్ల కథ వేరు. ఆఫీసువాళ్లు శనివారం స్కీకి పిలుస్తారు, పోకపోతే బాగుండదు. వెళ్లాక నాలుగేళ్ల పిల్లలు పక్కనుంచి దూసుకుపోతుంటే, ముప్పై ఏళ్ల మనిషి కన్వేయర్ బెల్టు మీద నిలబడి పిల్లల వాలు ఎక్కాలి. సిగ్గుపడాల్సిందేం లేదు. కాకపోతే ఒకటి: స్నేహితుడి దగ్గర కాకుండా, డబ్బు కట్టి టీచర్ దగ్గర నేర్చుకోండి. ‘ఏం కాదు రా బావా, మోకాళ్లు వంచు’ అన్న స్నేహితుడి సలహాతో నేరుగా ఎర్ర దారిలోకి వెళ్లి, స్ట్రెచర్ మీద దిగినవాళ్ల కథలు మ్యూనిక్ తెలుగువాళ్లు నవ్వుకుంటూ చెప్పుకుంటారు.

తేదీ విషయంలో కక్కుర్తి పడొద్దు. క్రిస్మస్‌కు వెళ్లాలంటే 1,800 మీటర్లు దాటిన ఊరే చూసుకోవాలి. జనవరి రెండు, మూడు వారాలు చలి ఎక్కువ, జనం తక్కువ, గదుల ధర నయం. ఫిబ్రవరిలో ఫ్రాన్స్ బడులను మూడు ప్రాంతాలుగా విడగొట్టి, వంతులవారీగా సెలవులిస్తారు. ఆ నాలుగు వారాలూ లిఫ్టుల దగ్గర వరసలు కిలోమీటర్ల లెక్క. ఎత్తైన చోట్ల మార్చి మంచిది, మంచు మందం చాలా ఏళ్లలో అప్పుడే గరిష్ఠం. అభిప్రాయాలు చదివేటప్పుడు ముందు తేదీ చూడండి, తర్వాత రాసినవాడు ఎన్నాళ్లుగా స్కీ చేస్తున్నాడో చూడండి. ‘గట్టిగా ఉంది’ అని ఇద్దరు అనుభవజ్ఞులంటే నమ్మొచ్చు, ‘అద్భుతం’ అని పదిమంది కొత్తవాళ్లంటే ఎండ కాసిందని అర్థం చేసుకోవచ్చు. వెబ్‌క్యామ్‌లు ప్రతి రిసార్ట్‌కూ ఉన్నాయి. పైది అందరూ చూస్తారు, మీరు ఊళ్లోది, దక్షిణపు వాలుది చూడండి.

ఇటలీ వెళ్లేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. మన వల్ల ఇతరులకు దెబ్బ తగిలితే పరిహారమిచ్చే బీమా 2022 జనవరి నుంచి అక్కడ స్కీ దారుల మీద తప్పనిసరి. లిఫ్ట్ టికెట్‌తోపాటే రోజుకు కొద్ది యూరోలకు ఇస్తారు. కౌంటర్ దగ్గర అడగండి, వాళ్లంతట వాళ్లు చెప్పరు.